వేసవి టర్మ్‌లో సైన్స్ కోర్సు: కుదించగలిగినదెంత, కుదించలేనిదెంత

ఏప్రిల్‌లో దాళ్వా (రెండో పంట వరి) కోతలు ఒక కొలిక్కి వచ్చి, ధవళేశ్వరం నుంచి కాలువలకు నీళ్లు కట్టేసే రోజులకు మా కోనసీమలో డిగ్రీ పరీక్షల హడావిడి కూడా తగ్గుముఖం పడుతుంది. ఆ తర్వాత నాలుగైదు వారాల పాటు, రసాయన శాస్త్రం చెప్పే అధ్యాపకుడినైన నా దగ్గరికి రెండు రకాల వాళ్లు వస్తుంటారు. ఒక సబ్జెక్టు మిగిలిపోయిందనో, ఒక కోర్సు ముందే పూర్తి చేసుకుంటే వచ్చే ఏడాది భారం తగ్గుతుందనో ఆలోచించే ఇక్కడి విద్యార్థులు మొదటి రకం. అమెరికాలో చదువుతున్న పిల్లల తల్లిదండ్రులు రెండో రకం. "మా వాడు ఈ సమ్మర్‌లో ఆర్గానిక్ కెమిస్ట్రీ ఎనిమిది వారాల్లో అవగొట్టేస్తానంటున్నాడు మాస్టారూ, చెయ్యనివ్వమంటారా?" అని అమలాపురం బస్టాండులో నిలబెట్టి అడిగిన తండ్రి ఒకాయన ఉన్నారు. ఆయనకు అక్కడికక్కడ అవుననో కాదనో చెప్పలేకపోయాను. పదిహేను వారాల చదువును ఎనిమిది వారాల్లోకి తెచ్చినప్పుడు నిజంగా కుదిస్తున్నది దేన్ని అన్నది విడదీసి చూస్తే తప్ప దానికి సరైన జవాబు దొరకదు.

ముందు నిబంధన సంగతి. వేసవి టర్మ్ అమెరికాకే పరిమితమైన ఏర్పాటని మనలో చాలామంది అనుకుంటారు. యూజీసీ 2022 డిసెంబరులో విడుదల చేసిన డిగ్రీ పాఠ్యప్రణాళిక, క్రెడిట్ల చట్రంలోనే వేసవి సెలవుల్లో ఎనిమిది వారాల టర్మ్‌కు చోటుంది. ఇంటర్న్‌షిప్ వంటి పనులు ప్రధానంగా ఆ కాలంలో జరగాలని చెబుతూనే, అదనపు కోర్సులు చేయదలచిన వారి కోసం, బ్యాక్‌లాగ్‌లు పూర్తి చేసుకోవలసిన వారి కోసం రెగ్యులర్ కోర్సులను కూడా వేగవంతమైన పద్ధతిలో నడపవచ్చని ఆ పత్రం అంటుంది. ఏ కోర్సులు నడపాలన్నది అధ్యాపకుల లభ్యతను, విద్యార్థుల సంఖ్యను బట్టి విద్యాసంస్థే నిర్ణయించుకోవాలి. అంటే దారి ఉంది, కానీ ఆ దారిలో ప్రతి కళాశాలా బస్సు నడపాలన్న నియమం లేదు. పైగా మన రాష్ట్రంలో డిగ్రీ విద్యార్థికి మొదటి ఏడాది తర్వాతి వేసవిలో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, రెండో ఏడాది తర్వాత స్వల్పకాలిక ఇంటర్న్‌షిప్ ఉంటాయి కాబట్టి, కాగితం మీద ఖాళీగా కనిపించే ఆ ఎనిమిది వారాలు చాలామందికి నిజానికి ఖాళీగా ఉండవు.

ఇక గంటల లెక్క చూద్దాం. యూజీసీ పద్ధతిలో థియరీలో ఒక క్రెడిట్ అంటే పదిహేను గంటల తరగతి, ప్రయోగశాలలో ఒక క్రెడిట్ అంటే ముప్పై గంటల పని. మూడు క్రెడిట్ల థియరీ, ఒక క్రెడిట్ ప్రాక్టికల్ ఉన్న కోర్సుకు 45, 30 కలిసి 75 గంటలు. ఎనిమిది వారాలను వారానికి ఆరు రోజుల చొప్పున లెక్కిస్తే 48 రోజులు. రోజుకు గంటన్నర కంటే కొంచెం ఎక్కువ. ఈ అంకె చూసి విద్యార్థులు తేలిగ్గా ఊపిరి పీల్చుకుంటారు. అయితే ఇది తరగతి గంటల లెక్క మాత్రమే. జాతీయ క్రెడిట్ చట్రం ప్రకారం ఏడాదికి 1200 అభ్యసన గంటలకు 40 క్రెడిట్లు, అంటే ఇంటి దగ్గరి చదువుతో కలిపి ఒక క్రెడిట్‌కు 30 గంటలు. నాలుగు క్రెడిట్ల కోర్సుకు 120 గంటలు కావాలి. ఎనిమిది వారాల్లో వారానికి 15 గంటలు.

అమెరికా లెక్క ఇంతకంటే బరువైనది. అక్కడి ఫెడరల్ నిర్వచనంలో ఒక క్రెడిట్ అంటే పదిహేను వారాల పాటు వారానికి ఒక గంట తరగతి, దానికి తోడు కనీసం రెండు గంటల సొంత చదువు. నాలుగు క్రెడిట్ల ఆర్గానిక్ కెమిస్ట్రీకి మామూలు సెమిస్టర్‌లో వారానికి 12 గంటలు, మొత్తం 180 గంటలు పడతాయి. అదే కోర్సు ఎనిమిది వారాల్లో అయితే వారానికి ఇరవై రెండున్నర గంటలు, ఆరు వారాల్లో అయితే 30 గంటలు. ఎనిమిది వారాల్లో అలాంటివి రెండు తీసుకుంటే వారానికి 45 గంటలు. అది పూర్తికాలపు ఉద్యోగం కంటే ఎక్కువ పని. దాని పక్కన మరో ఉద్యోగం పెట్టుకున్న పిల్లవాడు కష్టపడే స్వభావం లేక వెనకబడడు, వారంలో గంటలు సరిపోక వెనకబడతాడు.

గంటలు సర్దుబాటైతే సమస్య తీరినట్టేనా అంటే కాదు. ఇక్కడ మా ప్రాంతపు వరి సంగతి ఒకటి చెబితే విషయం తేటపడుతుంది. మార్టేరు పరిశోధన స్థానం ఇచ్చిన స్వర్ణ, అంటే ఎంటీయూ 7029, సార్వాలో (తొలి పంటలో) సుమారు 150 రోజుల పంట. అదే స్థానం ఇచ్చిన కాటన్ దొర సన్నాలు, అంటే ఎంటీయూ 1010, సుమారు 120 రోజుల పంట. ముప్పై రోజులు ఎక్కడ తగ్గాయి? అన్ని దశలూ తలా కాస్త తగ్గాయని అనుకోవడం సహజం, కానీ జరిగేది అది కాదు. కంకి అంకురం పడ్డ దగ్గర్నుంచి పూత వరకు దాదాపు 35 రోజులు, పూత నుంచి కోత వరకు దాదాపు 30 రోజులు, ఈ రెండు దశలూ ఏ రకంలోనైనా ఇంచుమించు అంతే ఉంటాయి. తగ్గేదంతా మొక్క దుబ్బు చేసి పిలకలు వేసే తొలి దశలోనే; స్వర్ణకు ఆ దశ సుమారు 85 రోజులైతే 1010కి 55. అందుకే స్వల్పకాలిక రకంలో తొలి రోజుల్లో జరిగిన పొరపాటును తర్వాత దిద్దుకోవడానికి పైరుకు వ్యవధి ఉండదు. ముదురు నారు నాటితే పిలకలు వేసే రోజులు నారుమడిలోనే అయిపోతాయని మా రైతులకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

సైన్స్ కోర్సు కూడా సరిగ్గా ఇలాగే ఉంటుంది. ఉపన్యాసాలను దగ్గర దగ్గరగా పెట్టవచ్చు, పరిపాలనాపరమైన ఖాళీలను, మధ్యలో వచ్చే సెలవులను తీసేయవచ్చు. ఒక భావన మీద మరో భావన నిలబడడానికి పట్టే సమయం, ప్రయోగశాలలో పదార్థానికో జీవికో పట్టే సమయం, చదివినది జ్ఞాపకంలో గట్టిపడడానికి పట్టే సమయం, ఈ మూడూ క్యాలెండర్ మాట వినవు.

మొదటిదాన్ని నా తరగతి గదిలో చూసిన విధంగా చెబుతాను. కొన్నేళ్ల కిందట ఆరు వారాల వేసవి తరగతుల్లో ఆల్కైల్ హాలైడ్లు చెబుతున్నాను. హైడ్రాక్సైడ్ అయాను 1-బ్రోమోబ్యూటేన్ మీదికి వచ్చినప్పుడు బ్రోమిన్ ఉన్న వైపుకు సరిగ్గా వెనక నుంచి కార్బన్‌ను చేరుతుంది, ఇటు కొత్త బంధం ఏర్పడుతుండగానే అటు పాత బంధం తెగుతుంది, మిగిలిన మూడు బంధాలూ ఈదురుగాలికి గొడుగు తిరగబడినట్టు రెండో వైపుకు వంగుతాయి. ఒకదాని చోటులోకి మరొకటి వచ్చే ఇలాంటి ప్రతిక్షేపణ చర్యను ఎస్ఎన్2 అంటాం. టెర్షియరీ బ్యూటైల్ బ్రోమైడ్‌లో ఆ కార్బన్ చుట్టూ మూడు మిథైల్ సమూహాలు కమ్ముకుని ఉంటాయి కాబట్టి వెనక నుంచి దారి ఉండదు. నీళ్లలో అయితే బ్రోమైడ్ తనంతట తాను విడిపోయి కార్బోకాటయాన్ (ధనావేశమున్న కార్బన్ అయాను) ఏర్పడ్డాక నీటి అణువు వచ్చి చేరుతుంది, అది ఎస్ఎన్1. బలమైన క్షారం సమక్షంలో అయితే ప్రతిక్షేపణ వదిలేసి, హైడ్రోజన్, బ్రోమిన్ రెండూ పోయి ద్విబంధం ఏర్పడే విలోపన చర్యే ప్రధానమవుతుంది. సోమవారం ఇది చెప్పాను. పాలకొల్లు నుంచి రోజూ వచ్చే ఒక అమ్మాయి సూత్రాలన్నీ నోటుబుక్కులో ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకుంది, కానీ "వెనక నుంచి" అన్న మాట ఆమెకు బొమ్మగా కనిపించలేదు. మామూలు సెమిస్టర్‌లో అయితే విలోపన చర్యలు మొదలయ్యేసరికి మరో వారం పట్టేది, ఈలోగా ఒక లెక్క తప్పుచేసి, వచ్చి అడిగి, సరిచేసుకునేది. ఇక్కడ బుధవారానికే విలోపన చర్యలు వచ్చాయి, శుక్రవారం పరీక్ష వచ్చింది. ప్రతిక్షేపణ ఎప్పుడు, విలోపన ఎప్పుడు అన్న ప్రశ్నకు ఆమె జవాబులన్నీ గుర్తుంచుకున్న పట్టిక నుంచే వచ్చాయి, పట్టికలో లేని మొదటి ఉదాహరణ దగ్గరే ఆగిపోయాయి. ఆదివారం ఉదయం అగ్గిపుల్లలు, బంకమట్టి ఉండలు పెట్టి రెండు అణువులనూ ఆమె చేతనే చేయించిన తర్వాత ఇరవై నిమిషాల్లో చిక్కు వీడింది. కావలసినది ఇరవై నిమిషాలే, కానీ ఆ ఇరవై నిమిషాలు సోమవారానికీ బుధవారానికీ మధ్య పడి ఉండవలసింది. ఆ వారం తప్పు ఆమెది కాదు, నాదే. మంగళవారం సాయంత్రం ఒక చిన్న పరీక్ష పెట్టి ఉంటే ఆ లోటు నాకు అప్పుడే తెలిసేది.

అందుకే వేసవి కోర్సు నాణ్యతను నేను ఇప్పుడు ఒకే ఒక్క విషయంతో కొలుస్తున్నాను: విద్యార్థి రాసి ఇచ్చిన కాగితం దిద్ది ఎన్నాళ్లకు వెనక్కి వస్తోంది? పదిహేను వారాల సెమిస్టర్‌లో వారం తర్వాత దిద్దిన కాగితాలు ఇచ్చినా పనికొస్తాయి. ఎనిమిది వారాల టర్మ్‌లో వారం ఆలస్యమంటే కోర్సులో ఎనిమిదో వంతు గడిచిపోయినట్టు. మర్నాటికి దిద్ది ఇవ్వగలిగినంత మంది అధ్యాపకులు లేని చోట, వేసవి కోర్సు ప్రకటించడం విద్యార్థులకు మేలు చేయడం కాదని నా అభిప్రాయం. అమెరికాలో అయినా ఇక్కడైనా చేరబోయే ముందు అడగవలసిన మొదటి ప్రశ్న ఇదే. దాని తర్వాత అడగవలసినది, కోర్సు నుంచి నష్టం లేకుండా తప్పుకునే గడువు ఎప్పుడని. స్వల్పకాలిక టర్మ్‌లలో ఆ గడువు తరచుగా మొదటి కొద్ది రోజుల్లోనే, మొదటి పరీక్ష మార్కులు చేతికి రాకముందే ముగిసిపోతుంది. అందుచేత తన స్థితిని విద్యార్థి తానే ముందుగా పరీక్షించుకోవాలి.

ప్రయోగశాల సంగతి ఇంకా మొండిది. వేడినీటిలో కరిగించిన ఎసిటానిలైడ్‌ను దానంతట దాన్ని చల్లారనిస్తేనే శుభ్రమైన స్ఫటికాలు వస్తాయి. తొందరపడి ఐసులో ముంచితే మలినాలను లోపల పట్టుకుని పొడిలా దిగుతుంది. వడగట్టిన స్ఫటికాలు రాత్రంతా ఆరాలి. తడి ఉండగానే ద్రవీభవన స్థానం చూస్తే 114 డిగ్రీల దగ్గర చటుక్కున కరగవలసినది అంతకంటే తక్కువ దగ్గర మొదలై నాన్చుతూ కరుగుతుంది, విద్యార్థి తన పదార్థం తప్పనుకుంటాడు. డెల్టా ఎండాకాలం దీనికి తన వంతు కష్టాన్ని చేరుస్తుంది. పదార్థాలను వేరుచేయడానికి వాడే ద్రావణి డైఇథైల్ ఈథర్ మరిగేది 34.6 డిగ్రీల దగ్గర. రోహిణి కార్తెలో మధ్యాహ్నం రెండు గంటలకు, కరెంటు పోయి ఫ్యాను ఆగిపోయిన ప్రయోగశాలలో ఉష్ణోగ్రత అంతకంటే ఎక్కువే ఉంటుంది. సీసా మూత తీస్తేనే ఈథర్ మరగడం మొదలవుతుంది, సెపరేటింగ్ ఫన్నెల్ కదిపితే లోపలి పీడనానికి బిరడా ఎగిరిపోతుంది, దాని ఆవిరికి నిప్పు అంటుకునే గుణం ఎంతటిదో వేరే చెప్పనక్కర్లేదు. మేలో ఈథర్ నిష్కర్షణ చేయించవలసి వస్తే ఉదయం ఏడు గంటలకే ముగించాలి, లేదా 77 డిగ్రీల దగ్గర మరిగే ఇథైల్ ఎసిటేట్ పనికొచ్చే ప్రయోగాన్ని ఎంచుకోవాలి.

జీవశాస్త్రంలో క్యాలెండర్‌ను జీవే నిర్ణయిస్తుంది. జన్యుశాస్త్ర ప్రయోగాలకు వాడే డ్రోసోఫిలా అనే పండ్ల ఈగ గుడ్డు నుంచి పెద్ద ఈగ కావడానికి 25 డిగ్రీల దగ్గర పది రోజులు పడుతుంది. రావులపాలెం అరటి మార్కెట్లో మిగలపండిన గెలల మీద ముసిరేవి ఈ జాతుల ఈగలే, కాబట్టి మాకు వీటి కొరత లేదు, కొరత కాలానిదే. తల్లిదండ్రుల తరాన్ని కలపాలంటే ప్యూపా నుంచి బయటపడిన ఎనిమిది గంటల లోపే ఆడ ఈగలను వేరు చేయాలి, తర్వాత మొదటి తరానికి పది రోజులు, రెండో తరానికి మరో పది రోజులు. సన్నాహాలతో కలిపి మూడున్నర నాలుగు వారాలు గడిచాక గానీ మెండెల్ చెప్పిన 3:1 నిష్పత్తిని లెక్కపెట్టి చూసుకోలేం. ఆరు వారాల టర్మ్‌లో ఒకసారి విఫలమైతే రెండోసారి మొదలుపెట్టడానికి రోజులుండవు. ఉష్ణోగ్రత నిలకడగా 30 డిగ్రీలకు చేరితే మగ ఈగలు సంతానోత్పత్తి శక్తిని కోల్పోతాయి, అంటే రాత్రింబవళ్లు ఆగకుండా పనిచేసే ఇంక్యుబేటర్ లేకుండా మా ప్రాంతంలో ఈ ప్రయోగం వేసవిలో సాగదు. టర్మ్ మొదలవడానికి ముందే అధ్యాపకుడు మొదటి తరాన్ని సిద్ధం చేసి ఉంచడం ఒక్కటే దీనికి మార్గం.

మూడోది జ్ఞాపకం. హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ తన మీద తానే చేసుకుని 1885లో ప్రచురించిన ప్రయోగాల నుంచి ఇప్పటివరకు పదే పదే రుజువైన సంగతి ఏమిటంటే, ఒకే విషయాన్ని ఒక్క దెబ్బలో నాలుగు గంటలు చదవడం కంటే ఎడం ఇచ్చి నాలుగుసార్లు గంట చొప్పున చదివితే ఎక్కువ కాలం నిలుస్తుంది. ఎడం ఎంత ఉండాలన్నది విషయం ఎన్నాళ్లు గుర్తుండాలన్న దాన్ని బట్టి మారుతుంది. సెపెడా, ఆయన సహచరులు 2008లో 1,350 మందికి పైగా వ్యక్తులతో చేసిన అధ్యయనంలో, వారం తర్వాత గుర్తుండాలంటే ఒక రోజు ఎడం, దాదాపు ఏడాది తర్వాత గుర్తుండాలంటే మూడు వారాల ఎడం మేలని తేలింది. ఇప్పుడు వేసవి టర్మ్‌ను దీని పక్కన పెట్టి చూడండి. వారాంతపు పరీక్షకు కావలసిన ఎడం అందులో హాయిగా దొరుకుతుంది, అందుకే వేసవి కోర్సుల్లో మార్కులు బాగానే వస్తాయి. కుదించిన కోర్సుల మీద జరిగిన అధ్యయనాల్లో చాలావరకు ఫలితాలు మామూలు సెమిస్టర్‌కు తీసిపోలేదనే చెప్పాయి. అయితే అలాంటి కోర్సుల్లో చేరేవారు ఎక్కువగా పట్టుదలతో, తరచుగా ఒక్క సబ్జెక్టు మీదే దృష్టి పెట్టి వచ్చేవారన్న సంగతి మరిచిపోకూడదు. ఏడాది తర్వాత గుర్తుండడానికి కావలసిన మూడు వారాల ఎడం మాత్రం ఆరు వారాల్లో ఒకటి రెండుసార్ల కంటే ఎక్కువ ఇమడదు. మార్కులు, జ్ఞాపకం రెండూ ఇక్కడ దారులు చీలతాయి.

ఇంత చెప్పాక ఏ కోర్సులు వేసవికి సరిపోతాయన్నది దాదాపు తేలిపోతుంది. వృక్ష వర్గీకరణ, పర్యావరణ శాస్త్రం వంటి వాటిలో ఒక అధ్యాయం సరిగా పట్టుబడకపోయినా తర్వాతిది నడుస్తుంది, కాబట్టి అవి కుదించడానికి అనువైనవి. యాంత్రిక శాస్త్రం, కర్బన రసాయన శాస్త్రం, భౌతిక రసాయన శాస్త్రం గొలుసుల్లాంటివి. వాటిని వేసవిలో తీసుకోకూడదని నేను అనను. తీసుకుంటే దాన్నొక్కదాన్నే తీసుకోవాలి. ఒకసారి చదివి తప్పిన విద్యార్థికి నిజానికి వేసవి టర్మ్ బాగా కలిసొస్తుంది, ఎందుకంటే పదజాలం, అధ్యాయాల వరస అతనికి ముందే తెలుసు, తొలిదశ సగం గడిచిపోయి ఉంటుంది. సరిగ్గా మొదటిసారి చదివే విద్యార్థికే కష్టం ఎక్కువ.

మనవైపు ఇంకొక చిక్కు, వేసవి అంటే పెళ్లిళ్ల కాలం. 90 పనిదినాల సెమిస్టర్‌తో పోలిస్తే 48 రోజుల టర్మ్‌లో ఒక్క రోజు మానితే దాదాపు రెండు రోజులు మానినట్టు. పెదనాన్నగారి అమ్మాయి పెళ్లికి మూడు రోజులు భీమవరం వెళ్లి వచ్చిన కుర్రవాడు ఆరు రోజుల పాఠం పోగొట్టుకుంటాడు. వెళ్లొద్దని చెప్పే హక్కు నాకు లేదు, చెప్పినా ఏ ఇంట్లోనూ సాగదు. ముహూర్తాలు ముందే తెలుస్తాయి కాబట్టి, ఆ తేదీల్లో వచ్చే పాఠాలను ముందు వారమే చదివి వెళ్లమని చెబుతాను. విన్నవాళ్లు నిలదొక్కుకున్నారు.

నారు సిద్ధంగా ఉంటేనే స్వల్పకాలిక పంట నిలుస్తుందన్న సంగతి ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. ఆర్గానిక్ కెమిస్ట్రీకి ముందు రెండు వారాలు కేటాయించి, ఆమ్ల క్షార బలాలు, సంకరీకరణం, అనునాద నిర్మాణాలు, అణువును కాగితం మీద మూడు కోణాల నుంచి గీయడం, ఈ నాలుగింటిలో చేయి తిరిగితే చాలు. భౌతిక శాస్త్రానికి సదిశలు, అవకలనం, సమాకలనం. పుస్తకం ముందు అధ్యాయాలన్నీ చదివేయాలని ప్రయత్నించడం వల్ల పెద్దగా ప్రయోజనం ఉండదు. అలవాటు కావలసిన పనిముట్లు అలవాటైతే తరగతిలో చెప్పేది వింటూనే అర్థమవుతుంది.

అమెరికాలో ఎఫ్-1 వీసా మీద ఉన్న విద్యార్థికి వేసవి సాధారణంగా సెలవు కాలంగా లెక్క కాబట్టి, చదువు వేసవి టర్మ్‌తోనే మొదలయ్యే వారు తప్ప మిగిలినవారు ఆ మూడు నెలలూ కోర్సులు తీసుకోవలసిన నిర్బంధం లేదు. తీసుకోకపోతే హోదా పోతుందన్న భయంతో తల్లిదండ్రులు పిల్లలను తొందరపెట్టనక్కర్లేదు. బస్టాండులో అడిగిన ఆ తండ్రికి ఫోను చేసి చివరికి నేను చెప్పింది ఇది: అబ్బాయి ఆ ఒక్క కోర్సే తీసుకుంటున్నాడా, పక్కన ఉద్యోగం ఉందా, లాబ్ కూడా అదే టర్మ్‌లో ఉందా, దిద్దిన కాగితాలు ఎప్పుడిస్తారు, ఈ నాలుగూ కనుక్కోండి. ఉద్యోగం ఉందని తేలింది, లాబ్ కూడా అదే టర్మ్‌లో ఉంది. అబ్బాయి ఉద్యోగం ఉంచుకుని కోర్సును ఆగస్టు సెమిస్టర్‌కు మార్చుకున్నాడు.

ఇక్కడ వేసవి తరగతులు పూర్తిచేసిన నా విద్యార్థులకు జూన్‌లో మార్కులు ఇచ్చేటప్పుడే రెండు తేదీలు రాసిస్తున్నాను. ఒకటి మూడు వారాల తర్వాత, కాలువలకు నీళ్లొచ్చి నారుమళ్లు పోస్తున్న రోజుల్లో. ఇంకొకటి ఆగస్టులో, సార్వా నాట్లు ముగిసే వేళకు. ఆ రెండు రోజులూ ఉదయం పూట వచ్చి, పుస్తకం తెరవకుండా పది ప్రశ్నలకు జవాబులు రాయాలి. మార్కులు లేవు, హాజరు లేదు. పాలకొల్లు అమ్మాయి ఆ ఏడాది రెండుసార్లూ వచ్చింది. ఆగస్టులో టెర్షియరీ బ్యూటైల్ బ్రోమైడ్ ప్రశ్నకు ముందు ఏమీ రాయకుండా, కాగితం మూలన ఒక కార్బన్‌ను, దాని చుట్టూ మూడు మిథైల్ సమూహాలను గీసి, వెనక వైపు నుంచి ఒక బాణం తెచ్చి దాని మీద అడ్డంగా గీత కొట్టి, ఆ తర్వాతే జవాబు మొదలుపెట్టింది.